ముందు కన్నం చూడండి, తర్వాత చిమ్నీ

మా ఇంట్లో చిమ్నీ పెట్టిన వారానికి బాత్రూంలోంచి మురుగు కంపు మొదలైంది. అదీ రోజంతా కాదు. పొద్దున్న ఎనిమిదింటికి ఒకసారి, రాత్రి ఎనిమిదింటికి ఒకసారి, సరిగ్గా నేను పొయ్యి దగ్గర నిలబడే వేళకి. ఫినాయిల్ పోశాం, యాసిడ్ పోశాం, జాలీలు ఊడదీసి కడిగించాం. పైఅంతస్తువాళ్ళ పైపేదో లీకవుతోందేమోనని అసోసియేషన్ గ్రూపులో మెసేజీ కూడా పెట్టాను. ఆ పైఅంతస్తావిడ నొచ్చుకుని, లిఫ్టులో కనిపిస్తే మొహం తిప్పుకోవడం మొదలెట్టింది. చివరికి ఒక ప్లంబర్ని పిలిపించాం. గెస్టు బాత్రూంలోకి వెళ్ళినవాడు వెళ్ళినట్టే బయటికొచ్చి, వంటింటివైపు చూసి, "మేడం, ఆ చిమ్నీ ఒక్కసారి బంద్ చెయ్యుండ్రి" అన్నాడు. చేశాను. రెండు నిమిషాల్లో కంపు పోయింది.

"అది గాలి గుంజుతది మేడం. ఏసీ కోసమని కిటికీలన్నీ బంద్ జేసుకున్నరు. మరి దానికి గాలి యాడికెల్లి రావాలె? సందు దొరికిన కాడికెల్లి గుంజుకుంటది. ఈ బాత్రూం మీరు వాడుతలేరు, జాలీల నీళ్ళు ఎండిపోయినయ్, మురుగు కంపుని ఆపేది ఆ నీళ్ళే" అన్నాడు. రెండు మగ్గుల నీళ్ళు జాలీలో పోసి, మూడొందలు తీసుకుని వెళ్ళిపోయాడు.

ఆ చిమ్నీ కొనడానికి ముందు నేను నెల్లాళ్ళు చదివాను. వంపు రేకుల బాఫిల్ ఫిల్టరా, జాలీ పొరల క్యాసెట్ ఫిల్టరా, అసలు ఫిల్టరే లేనిదా, 60 సెంటీమీటర్లా, 90 సెంటీమీటర్లా, చెయ్యి ఊపితే ఆన్ అయ్యేదా, బటన్లదా. ఆరు షాపులు తిరిగాను. ఇంత చేసినా ఒక్క ప్రశ్న నేనూ అడగలేదు, అమ్మేవాళ్ళూ ఎత్తలేదు: గాలి లోపలికి ఎక్కణ్ణుంచి వస్తుంది, బయటికి ఎక్కడికి పోతుంది? నా వాదన ఇంతే. వంటింటి పొగ సంగతిలో యంత్రం రెండో విషయం. దారి మొదటి విషయం. దారి ఉన్న ఇంట్లో రెండువేల రూపాయల ఎగ్జాస్ట్ ఫ్యాను చేసే పని, దారి లేని ఇంట్లో పాతికవేల చిమ్నీ చెయ్యదు.

షాపులో మనల్ని పడగొట్టే అంకె ఒకటుంది: సక్షన్, అంటే ఎంత గాలి లాగుతుందన్నది. గంటకు 1200 ఘనపు మీటర్లు, 1400, 1500. ఎంత పెద్ద అంకైతే అంత గొప్ప చిమ్నీ అన్నట్టు చెప్తారు. ఇంటికొచ్చి కాగితం మీద లెక్క వేశాను, కొన్నాక అనుకోండి. మా వంటిల్లు 10 అడుగుల పొడవు, 8 అడుగుల వెడల్పు, 10 అడుగుల ఎత్తు. 800 ఘనపుటడుగులు, అంటే సుమారు 23 ఘనపు మీటర్లు. గంటకు 1200 ఘనపు మీటర్లు నిజంగా లాగితే మా వంటింట్లో గాలి గంటకు 50 సార్లకు పైగా మారాలి, నిమిషానికొకసారి అన్నమాట. వంటింటికి గంటకు 15, 20 సార్లు మారితే దండిగా సరిపోతుంది. అమెరికాలో ఇళ్ళ గాలికి వాడే ఆష్రే 62.2 ప్రమాణం బయటికి గాలి వదిలే హుడ్‌కి, అంటే మన చిమ్నీ లాంటిదానికి, అడిగే కనీసం నిమిషానికి 100 ఘనపుటడుగులు. మన లెక్కలో గంటకు 170 ఘనపు మీటర్లు. మన వేపుళ్ళకీ తాలింపులకీ అది చాలదనే అనుకుందాం, మూడింతలు చేసినా 510 దగ్గరే ఆగుతుంది. మరి 1200 ఎవరికోసం?

ఇంకో లెక్క కూడా వేశాను, ఇది నాకు బాగా నచ్చింది. 1200 ఘనపు మీటర్ల గాలి బయటికి పోవాలంటే అంత గాలీ లోపలికి రావాలి కదా. కిటికీలన్నీ మూసి, మూడడుగుల తలుపు కింద అరంగుళం సందు మాత్రమే ఉందనుకోండి. ఆ సందులోంచి అంత గాలి రావాలంటే గంటకు 100 కిలోమీటర్ల పైన వేగంతో దూరాలి. వాతావరణ శాఖ లెక్కలో గంటకు 89 కిలోమీటర్లు దాటితేనే తీవ్ర తుఫాను. మా తలుపు కింద తీవ్ర తుఫానేమీ వీచడం లేదు, కాళ్ళకి చల్లగా తగులుతోందంతే. అంటే చిమ్నీ 1200 లాగడం లేదు. ఫ్యాన్ తిరుగుతోంది, హోరు పెడుతోంది, కరెంటు తింటోంది. దొరికినంత గాలి, అందులో కొంత మా బాత్రూం జాలీలోంచి లాగుతోంది. పెట్టెమీద రాసే అంకె గొట్టమూ వంపులూ మూసిన కిటికీలూ ఏవీ అడ్డం లేనప్పటిది. ఖాళీ రోడ్డు మీద బండి మైలేజీ లాంటిది.

(గ్యాస్ గీజర్ ఉన్నవాళ్ళకి ఒక మాట. కిటికీలు బిగించి చిమ్నీ పెడితే జాలీ కంపు వచ్చినట్టే, గీజర్ మంట తాలూకు పొగ కూడా వెనక్కి ఇంట్లోకి రావచ్చు. అందులో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది, దానికి వాసన ఉండదు. మా బాత్రూం కనీసం కంపు కొట్టి చెప్పింది.)

ఇక బయటికి పోయే దారి. మాది తూర్పు ఫేసింగ్ ఫ్లాటు, వంటిల్లు ఆగ్నేయం, పొయ్యి తూర్పు గోడకి. వాస్తు ప్రకారం అంతా పద్ధతిగానే ఉంది. కాకపోతే ఆ తూర్పు గోడ అవతల ఉన్నది ఆకాశం కాదు, పక్క ఫ్లాటువాళ్ళ పడగ్గది. అందువల్ల బిల్డరు పొగ కోసం ఎదురు మూల, యుటిలిటీ పక్కనున్న డక్ట్‌లోకి నాలుగంగుళాల కన్నం ఒకటి వదిలాడు. చిమ్నీ బిగించడానికొచ్చిన అబ్బాయి, పాపం ఇరవై రెండేళ్ళుంటాయేమో, చిమ్నీ మూతి ఆరంగుళాలు, కన్నం నాలుగంగుళాలు చూసి ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. సంచీలోంచి ఒక ప్లాస్టిక్ రెడ్యూసర్ తీసి తగిలించాడు. "ఇట్లా చిన్నది చేస్తే గాలి తగ్గదా తమ్ముడూ" అంటే, "ఏం కాదు మేడం, అందరిండ్లల్ల ఇట్లనే పెడ్తం" అన్నాడు. నిజమే చెప్పాడు. అందరిళ్ళల్లో అలాగే పెడతారు.

ఆరంగుళాల గొట్టం అడ్డకోత 28 చదరపు అంగుళాలు. నాలుగంగుళాలది పన్నెండున్నర. సగం కూడా లేదు. దానికితోడు ఆ గొట్టం అల్యూమినియం ముడతల గొట్టం, అకార్డియన్‌లా లాగితే సాగేది. సరిగ్గా సాగదియ్యకుండా ఫాల్స్ సీలింగ్ పైన పాములా పడేసి, మూడు వంపులు తిప్పి, తొమ్మిదడుగులు నడిపించి ఆ కన్నంలో దోపాడు. ప్రతి వంపూ గాలికి ఒక గోడే. ముడతలు ఇంకో రకం గోడ. ముడతల్లో జిడ్డు పేరుకుంటుంది, తుడిచే వీలుండదు. ఫాల్స్ సీలింగ్ మూసేశాక అది ఎవరికీ కనపడదు గనక ఎవరికీ బాధా ఉండదు.

డక్ట్ అని మనం పిలిచే ఆ చీకటి బావి గురించి కొంచెం చెప్పాలి. ఐదంతస్తులవాళ్ళ పైపులు, బాత్రూం వెంటిలేటర్లు, వంటింటి ఎగ్జాస్టులు అన్నీ అందులోకే. అడుగున ఎవరో పారేసిన బకెట్లు, పావురాల గూళ్ళు. హైదరాబాదులో కన్నం కనిపిస్తే మూడో రోజుకి పావురం గూడు కట్టేస్తుంది, జాలీ బిగించకపోతే మీ గొట్టంలోనే గుడ్లు పెడుతుంది. ఆ బావిలో గాలి కదలదు. మా చేపల పులుసు ఆవిరి అందులోకి వెళ్ళి, వెచ్చగా ఉంది గనక మెల్లగా పైకి లేచి, పైఅంతస్తు బాత్రూం వెంటిలేటర్లోంచి వాళ్ళింట్లోకి పోయేది. నేను ఆవిడ పైపుల మీద మెసేజీలు పెడుతుంటే, ఆవిడ నెల్లాళ్ళుగా మా నీచు వాసన పీలుస్తూ ఊరుకుంది. ఇది నాకు తర్వాత తెలిసింది. తెలిశాక లిఫ్టులో మొహం తిప్పుకోవడం నా వంతైంది.

అసలు పొగ అక్కర్లేదా, వంటింట్లో వాసన రాకపోతే అది వంటిల్లేనా అనేవాళ్ళున్నారు. మా అత్తయ్యగారు ఆ పార్టీ. ఆవిడ అనేది కొట్టిపారేసేది కాదు. ఇంగువ తాలింపు వాసన, కరివేపాకు నెయ్యిలో పడ్డ వాసన ఎవరికి చేదు? పేచీ అంతా ఆ వాసన మర్నాడు పొద్దున్న కర్టెన్లలో కమురు కంపై మిగలడం దగ్గరే. అంతకంటే పెద్ద పేచీ ముక్కుకి తెలియనివాటితో. గ్యాసు మంట ఎంత నీలంగా ఉన్నా ఆ వేడికి గాలిలోని నైట్రోజన్ ఆక్సిజన్‌తో కలిసి నైట్రోజన్ డయాక్సైడ్ పుడుతుంది, ఆస్తమా ఉన్నవాళ్ళకి అది పడదు. నూనె పొగలు కక్కేదాకా కాగితే కళ్ళు మండించే ఎక్రోలీన్ పుడుతుంది, కంటికి కనిపించని నూనె తుంపరలు గాలిలో తేలుతాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ కింద పనిచేసే క్యాన్సర్ పరిశోధన సంస్థ, ఐఏఆర్‌సీ, 2010లో వేసిన 95వ సంపుటంలో ఎక్కువ వేడి మీద చేసే వేపుళ్ళ నుంచి వచ్చే ఆవిర్లను 2ఏ వర్గంలో పెట్టింది. మనుషుల్లో క్యాన్సర్ కలిగించే అవకాశం గట్టిగా ఉన్నవాటి వర్గం అది. రోజూ మూడు తాలింపులు, ఒక వేపుడు, పండగలకి బూరెలు, గారెలు చేసే ఇంట్లో ఆ పొయ్యి ముందు నిలబడేది ఎవరో మనకి తెలుసు.

నేను పాత రోజుల మీద మమకారంతో రాయడం లేదు. మా అమ్మమ్మ వంటిల్లు తెనాలి దగ్గర పెంకుటిల్లు. కర్రల పొయ్యి, ఊదుగొట్టం, తడి పుల్లలు. వాసాలన్నీ మసిబారి నల్లగా నిగనిగలాడేవి. పొగ పెంకుల సందుల్లోంచి, చూరు కిందనుంచి పోయేదన్నమాట నిజమే, కానీ పోయేలోపు అమ్మమ్మ కళ్ళనీ ఊపిరితిత్తుల్నీ ఓ పట్టు పట్టిపోయేది. 1999లో దీపం పథకం కింద ఊళ్ళో కొందరికి గ్యాసు కనెక్షన్లు వచ్చినప్పుడు ఆడవాళ్ళు ఎంత సంబరపడ్డారో నాకు గుర్తుంది. గ్యాసు వచ్చింది, పొగ పోయింది అనుకున్నాం. కంటికి కనపడే పొగ పోయింది. అదే సమయంలో పెంకులు పోయి స్లాబులొచ్చాయి, వెంటిలేటర్లు పోయి ఏసీలొచ్చాయి, కిటికీలకి రబ్బరు పట్టీలున్న యూపీవీసీ తలుపులొచ్చాయి. మంట శుభ్రమైనకొద్దీ ఇల్లు సీసాలా బిగుసుకుపోయింది.

గ్యాసు గురించి చాలామందికి తట్టని సంగతొకటి. గ్యాసు మండితే నీళ్ళు పుడతాయి. కిలో ఎల్‌పీజీ మండితే కిలోన్నర పైచిలుకు నీటి ఆవిరి వస్తుంది. 14.2 కిలోల సిలిండరు అయిపోయేసరికి వంటింటి గాలిలోకి 22 లీటర్ల నీళ్ళు వదిలినట్టు. ఇది మంటలోంచి వచ్చేది మాత్రమే, అన్నం గంజీ, పప్పు కుక్కరు విజిల్సూ కలపలేదు. వానాకాలంలో వంటింటి పై అరల తలుపులు ఉబ్బిపోయి ఎందుకు మూసుకోవో, ప్లైవుడ్ అంచులు ఎందుకు లేచిపోతాయో అర్థమైందా?

ఈ 22 లీటర్ల లెక్క చాలు, డక్ట్‌లెస్ చిమ్నీని ఇంట్లోకి రానివ్వకుండా ఉండటానికి. దాని సంగతి మొహమాటం లేకుండా చెప్తాను: డబ్బు దండగ. గొట్టం అక్కర్లేదు, గోడకి కన్నం అక్కర్లేదు, అద్దె ఇంటికి కూడా బాగుంటుంది అని చెప్పి అమ్ముతారు. అది చేసేదేమిటంటే, గాలిని లాగి, జాలీలో కొంత జిడ్డు పట్టి, బొగ్గు ఫిల్టర్లో కొంత వాసన పట్టి, మిగతా గాలిని మళ్ళీ మన మొహం మీదికే వదులుతుంది. ఆవిరి పట్టదు, వేడి పట్టదు, కార్బన్ మోనాక్సైడ్ పట్టదు. ఆ బొగ్గు కూడా కొన్ని నెలలకి నిండిపోతుంది, మార్చాలి. ఎంతమంది మారుస్తారు? మా చుట్టాల్లో ఒకరింట్లో నాలుగేళ్ళ నుంచి ఒకటే బొగ్గు ఉంది. దాన్ని తీసి వాసన చూశాను. ఆ ఇంట్లో నాలుగేళ్ళలో వండిన ప్రతి కూరా అందులో ఉంది.

అమెరికాలో ఉన్న మన వాళ్ళకి ఇదే బాధ వేరే రూపంలో. అద్దె అపార్ట్‌మెంట్లలో పొయ్యి పైన మైక్రోవేవ్ ఉంటుంది, దాని అడుగున చిన్న ఫ్యానుంటుంది, చాలాచోట్ల అది గాలిని పైనుంచి మళ్ళీ గదిలోకే ఊదుతుంది. మా చెల్లెలు అక్కడికి వెళ్ళిన కొత్తలో ఎండుమిరపకాయల తాలింపు పెడితే పొగ అలారం మోగి, బిల్డింగంతా వీళ్ళ తలుపు వైపు చూసిందట. ఇప్పుడు చేపలైతే పాటియోలో కరెంటు పొయ్యి పెట్టుకుని, చలికోటు వేసుకుని వండుతుంది. దాన్ని చూసి బంధువులు నవ్వుతారు గానీ, దారి లేని ఇంట్లో అదే తెలివైన పని. మన దగ్గర కూడా యుటిలిటీ బాల్కనీలో చిన్న పొయ్యి పెట్టుకుని వేపుళ్ళు అక్కడ చేసుకునే ఆడవాళ్ళు ఎంతోమంది ఉన్నారు. ఇంటీరియర్ వాళ్ళ ఫోటోల్లో ఆ పొయ్యి కనపడదు.

మరైతే ఎగ్జాస్ట్ ఫ్యానే చాలా? తెనాలిలో మా అమ్మ వంటింట్లో పన్నెండంగుళాల ఇనపరెక్కల ఫ్యాను పాతికేళ్ళుగా తిరుగుతోంది. బయటి గోడకి, పొయ్యికి పైన, ఎదురుగా పెరటి తలుపు. తలుపు తీసి ఫ్యాను వేస్తే పొగ బాణంలా పోతుంది. ఏడాదికోసారి అమ్మ రెక్కలు ఊడదీయించి వేడినీళ్ళలో కుంకుడు రసం కలిపి నానబెడుతుంది. జిడ్డు మడ్డిలా దిగుతుంది. అంతే దాని సేవ. నలభై యాభై వాట్ల ఖర్చు.

కానీ అదే ఫ్యాను మా ఫ్లాటులో పెడితే? ఫ్లాట్లలో ఫ్యాను పెట్టే పద్ధతి చూడండి. గోడకి కన్నం కొట్టడం కష్టమని కిటికీ పై అద్దం ఒకటి తీసి అక్కడ బిగిస్తారు. వంట చేసేటప్పుడు గాలి రావాలని కింద అదే కిటికీ తెరుస్తాం. గాలికి మనమీద ప్రేమేముంది? కింద తెరిచిన కిటికీలోంచి వచ్చి, గిరుక్కున తిరిగి, పైన ఫ్యానులోంచి వెళ్ళిపోతుంది. పొయ్యి మీది పొగకి దాంతో సంబంధమే ఉండదు. ఫ్యాను హోరుమంటూనే ఉంటుంది, హాల్లో వాళ్ళు తుమ్ముతూనే ఉంటారు. మీ ఇంట్లో ఇలా ఉంటే పైసా ఖర్చు లేని మార్పు ఒకటుంది: ఆ కిటికీ మూసేసి, ఎదురు దిక్కున ఉన్న బాల్కనీ తలుపు ఒక జానెడు తీసి చూడండి.

ఎగ్జాస్ట్ ఫ్యానుకి ఇంకో లోపం ఉంది, ఇది మాత్రం నిజమైన లోపం. రెక్కల ఫ్యాను గోడ కన్నంలోంచి నేరుగా బయటికి ఊదడానికి పుట్టింది. దానికి పొడుగాటి గొట్టం తగిలిస్తే చేతులెత్తేస్తుంది. చిమ్నీలో ఉండే బ్లోయర్ డ్రమ్ము లాంటిది, గొట్టంలోంచి నెట్టగల బలం దానికుంది. పైగా ఫ్యాను గదంతటినీ లాగుతుంది, చిమ్నీ పొయ్యి మీదనే పట్టుకుంటుంది. పొయ్యికీ ఫ్యానుకీ మధ్య మన ముక్కు ఉంటే ఆ పొగంతా మన మొహం మీదుగానే పోతుంది. ఇంటికి వాసన పట్టకపోవచ్చు, వండే మనిషికి పొగ పట్టడం ఆగదు. వాసన సంగతీ ఆరోగ్యం సంగతీ ఇక్కడ విడిపోతాయి. హాల్లో కూర్చున్నవాళ్ళు వాసన గురించి మాట్లాడతారు, పొయ్యి ముందున్నవాళ్ళకి రెండోది కావాలి. చిమ్నీ కొనేది ఎవరి కోసమో ముందు తేల్చుకోండి.

చిమ్నీ పట్టుకునే తీరులో కూడా మెలకువలున్నాయి. పొయ్యి మీద నుంచి 65 నుంచి 75 సెంటీమీటర్ల ఎత్తులో ఉండాలి. అంతకంటే పైకి పెడితే పొగ దారిలో చెదిరిపోతుంది, కిందికి పెడితే మంట తగులుతుంది, నా తలా తగులుతుంది. పొగ పైకి లేచేకొద్దీ గరాటులా విచ్చుకుంటుంది గనక నాలుగు బర్నర్ల పొయ్యి మీద 60 సెంటీమీటర్ల చిమ్నీ పెట్టి పక్క బర్నర్ మీద అప్పడాలు వేయిస్తే సగం బయటే పోతుంది. వేపుడు మూకుడు వెనక బర్నర్ మీదికి మార్చండి, తేడా మీకే కనిపిస్తుంది. హాల్లో సీలింగ్ ఫ్యాను ఫుల్లుగా తిరుగుతుంటే ఆ పొగ గరాటు వంగి అటే పోతుంది. ఓపెన్ కిచెన్ అని గోడలు కొట్టించుకున్నవాళ్ళందరికీ ఇదే గోల. వంటింటికీ టీవీకీ మధ్య తలుపు ఉండటం మన పెద్దవాళ్ళ చాదస్తం కాదు, అంతకంటే చౌకైన చిమ్నీ ఇంకా ఎవరూ కనిపెట్టలేదు. ఇండక్షన్ పొయ్యి కొన్నాం మాకు చిమ్నీ అక్కర్లేదు అనేవాళ్ళకి: మంట తాలూకు వాయువులు ఉండవు, నిజం. నూనె పొగ నూనెలోంచి వస్తుంది, మంటలోంచి కాదు.

ఆటోక్లీన్ మాట ఎత్తకపోతే ఈ వ్యాసం పూర్తి కాదు, ఎత్తితే నాకు కోపం వస్తుంది. దానికదే శుభ్రం చేసుకుంటుందనుకుని కొంటాం. లోపల హీటరు వేడెక్కి జిడ్డుని కరిగిస్తే అది ఒక చిన్న గిన్నెలోకి కారుతుంది. ఆ గిన్నె తియ్యాల్సింది మనం. కడగాల్సింది మనం. గొట్టంలో పేరుకున్న జిడ్డుకి ఆ హీటరుతో పనే లేదు. బాఫిల్ ఫిల్టరు రెండు వారాలకోసారి తీసి వేడినీళ్ళలో వాషింగ్ సోడా వేసి నానబెట్టే ఓపిక ఉంటే అది చాలు, దాన్ని కనీసం కళ్ళతో చూసి తోముకోవచ్చు.

ఇంకొకటి, ప్రాణానికి సంబంధించింది. గ్యాసు లీకైన వాసన వస్తే చిమ్నీ గానీ ఫ్యాను గానీ వెయ్యకూడదు. ఎల్‌పీజీ గాలికంటే బరువు, నేల మీద పాకుతుంది, పైనున్న చిమ్నీకి అందదు. స్విచ్చు నొక్కితే రవ్వ మాత్రం పుట్టొచ్చు. రెగ్యులేటర్ కట్టేసి తలుపులు తెరవడమే.

మళ్ళీ మా ఇంటికొస్తే, ప్లంబర్ వెళ్ళిన సాయంత్రం నేనొక ఊదొత్తి వెలిగించుకుని ఇల్లంతా తిరిగాను. షాపులో టిష్యూ కాగితం చిమ్నీకి అతుక్కుంటే చప్పట్లు కొట్టించుకుంటారు చూశారా, అది చిమ్నీ జాలీకి అరంగుళం దూరంలో లాగుడు మాత్రమే చెప్తుంది. ఊదొత్తి నిజం చెప్తుంది. ముందు బర్నర్ అంచున పట్టుకుంటే దాని పొగ చిమ్నీ వైపు ఒక జానెడు లేచి, ఇంకేం పన్లేనట్టు నా భుజం మీదుగా హాల్లోకి వెళ్ళిపోయింది. బాత్రూం వెంటిలేటర్ దగ్గర పట్టుకుంటే పొగ ఇంట్లోకి కొట్టింది. హాల్లో బాల్కనీ తలుపు బెత్తెడు తీయమని మా ఆయనతో చెప్పి మళ్ళీ పొయ్యి దగ్గరికొచ్చాను. పొగ నిలువుగా లేచి చిమ్నీలోకి పోయింది. పూర్తిగా కాదు, ముప్పాతిక వంతు. పదిహేడువేల చిమ్నీకి తలుపు బెత్తెడు తీయడమే కీలకమని ఎక్కడా రాసి లేదు.

మిగతా పాతిక వంతు కోసం యుటిలిటీ బయటి గోడకి ఆరంగుళాల కన్నం కొట్టించాలనుకున్నాం. కోర్ కటింగ్ వాళ్ళకి, అంటే గోడకి గుండ్రంగా కన్నం కోసేవాళ్ళకి, గంట పని, అసోసియేషన్‌తో రెండు నెలల పని. ఎలివేషన్ పాడవుతుందన్నారు, బీము పోతుందన్నారు. బీము ఎక్కడుందో ఇంజినీరుతో గీయించి, దానికి అడుగు దూరంలో అని రాసిచ్చాక ఒప్పుకున్నారు. మూడు వంపుల ముడతల గొట్టం తీసేసి, నున్నటి పీవీసీ గొట్టం, ఒకే వంపు, నాలుగడుగులు, బయట పావురాలు దూరకుండా జాలీ, ఎదురుగాలి కొడితే మూసుకునే ఫ్లాపు. పాత గొట్టం కిందికి దించినప్పుడు అందులోంచి చిక్కటి గోధుమరంగు జిడ్డు చుక్కలు చుక్కలుగా కారింది, ఎనిమిది నెలల వంట. ఇప్పుడు చిమ్నీని మూడో స్పీడు అవసరం లేకుండా ఒకటో స్పీడులోనే వాడుతున్నాను. హోరు తగ్గింది. అది చిన్న విషయం కాదు. మా అమ్మ మొదటిసారి వచ్చినప్పుడు, "అమ్మాయ్, ఆ హోరు ఆపవే, ఆవాలు చిటపటలాడాయో లేదో వినపడి చావట్లేదు" అని పోపు మాడ్చేసింది. ఆవిడకి పోపు చెవితో తెలుస్తుంది. ఆ హోరుని షాపులో డెసిబెల్స్‌లో చెప్తారు.

పైఅంతస్తావిడ మొన్న లిఫ్టులో పలకరించింది. "మీ కొత్త చిమ్నీ ఏ కంపెనీదండీ? ఈమధ్య మా బాత్రూంలోకి మీ వంట వాసన రావట్లేదు" అంది. చిమ్నీ పాతదేనని, మార్చింది కన్నమని చెప్పాను. ఆదివారం ఊదొత్తి పట్టుకుని వాళ్ళింటికి వెళ్ళాను. వాళ్ళదీ మాలాంటి వంటిల్లే, అదే నాలుగంగుళాల కన్నం, కిటికీ పై అద్దంలో ఫ్యాను, కింద కిటికీ బార్లా తెరిచి ఉంది. వాళ్ళాయన టేబుల్ మీద మూడు చిమ్నీల బ్రోచర్లు పరిచి పెట్టుకున్నాడు, మూడింటిలోనూ సక్షన్ అంకెల కింద పెన్నుతో గీతలు. కిటికీ మూసి, హాలు తలుపు తీయమన్నాను. ఊదొత్తి పొగ ఒకసారి తడబడి, ఫ్యానువైపు తిరిగింది. ఆయన బ్రోచర్లు ఒక పక్కకి జరిపి, కోర్ కటింగ్ వాళ్ళ నంబరుందా అని అడిగాడు.